పసరుకు పరీక్ష

జొన్నాడ దగ్గర గౌతమి ఒడ్డున ఇసుక ర్యాంపులో పనిచేసేవాళ్ల చేతులూ కాళ్లూ ఎప్పుడైనా చూశారా? పార తగిలిన గీతలు, సీసా పెంకు దిగిన కోతలు, రోజంతా నీళ్లలో నాని వేళ్ల సందుల్లో తెల్లబడి పగిలిన చర్మం. దీనికి ఇక్కడ రెండు వైద్యాలున్నాయి. ఒకటి గట్టు మీద మొలిచే గాయపాకు. నాలుగాకులు తుంపి, అరచేతిలో నలిపి, పసరు పిండి గుడ్డపీలిక కట్టేస్తారు. రెండోది సెంటర్లో మందుల షాపులో దొరికే మూలికల క్రీము. దాని ట్యూబు మీద అడవి బొమ్మ, కల్వం బొమ్మ ఉంటాయి. అప్పుడప్పుడు తలలో ఈక పెట్టుకున్న ఆదివాసీ బొమ్మ కూడా ఉంటుంది. తలలో ఈక పెట్టుకుని తిరిగేవాణ్ణి మా కొండల్లో నేనెప్పుడూ చూడలేదు, అది వేరే సంగతి.

నేను ఏజెన్సీలో పుట్టి పెరిగి, టీచర్ ట్రైనింగ్ అయ్యాక కొండ మీదా కింద మైదానంలోనూ పాఠాలు చెప్పినదాన్ని. గాయపాకూ తెలుసు, ట్యూబూ తెలుసు. ఈ వ్యాసంలో నేను అడగదలచిన ప్రశ్న ఒకటే. మన ఆకుకు పరీక్ష పెట్టాలా? పెడితే ఎవరి ఒంటి మీద, ఎవరి అనుమతితో, ఎవరి లాభానికి?

మన పిల్లల్లో కొందరు ఈ ప్రశ్న వినగానే కోపం తెచ్చుకుంటారు. తాతలనాటి వైద్యానికి పరీక్షేమిటి, అది వాళ్లను అవమానించడం కాదా అంటారు. డిగ్రీ చదివి వచ్చిన ఇంకొందరు పసరంతా మూఢనమ్మకమే, పరీక్ష కూడా దండగ అంటారు. చూడ్డానికి ఇవి ఎదురెదురు మాటలే. కానీ ఆకును జాగ్రత్తగా చూసే కష్టాన్ని ఇద్దరూ తప్పించుకుంటున్నారు.

మొదట తాతల సంగతి చూద్దాం. గాయపాకును గడ్డి చామంతి అని కూడా అంటారు. పలకలు తుడుచుకోవడానికి పిల్లలు వాడిన ఆకు కూడా ఇదే. బొటానికల్ పేరు ట్రైడాక్స్ ప్రొకంబెన్స్. ఈ మొక్క సొంతూరు మన అడవి కాదు, మధ్య అమెరికా, దక్షిణ అమెరికా. అక్కణ్ణించి ఓడల కాలంలో ప్రపంచమంతా పాకి, మన గట్ల మీదికి కలుపు మొక్కలా వచ్చింది. అంటే మా ముత్తాతల ముత్తాతలకు ఈ ఆకు తెలియనే తెలియదు. ఎవరో ఒకరు, ఏదో ఒక రోజు, ఊరూ పేరూ తెలియని కొత్త మొక్కను చూసి, వాసన చూసి, నలిపి, తెగిన వేలి మీద పెట్టి చూశారు. మంట పుట్టిందా, రక్తం ఆగిందా, చీము పట్టిందా అని గమనించారు. పక్కవాళ్లకు చెప్పారు. పక్కవాళ్లు కూడా పెట్టి చూశారు. అలా అలా అది గాయపాకు అయింది.

పరీక్ష పెట్టడమంటే ఇదే కదా. ‘అనాదిగా వస్తున్న జ్ఞానం’ అని మనం గొప్పగా చెప్పుకునే మాటలో నాకు ఒక ఇబ్బంది ఉంది. అది మన పెద్దల్ని అనాది నుంచి వచ్చింది కళ్లు మూసుకుని మోసినవాళ్లుగా చూపిస్తుంది. వాళ్లు మోసినవాళ్లు కాదు, చూసినవాళ్లు. నచ్చనిది వదిలేశారు కూడా. గాయం మీద పెట్టిన తరువాత పుండు ముదిరిన ఆకులు ఎన్నో ఉండి ఉంటాయి. వాటి పేర్లు మన దాకా రాలేదు, అంతే. కాబట్టి పరీక్ష అనగానే పెద్దలకు అవమానం అనుకోనక్కర్లేదు. వాళ్లు మొదలుపెట్టిన పనినే కొనసాగిస్తున్నాం.

అయితే పెద్దల పరీక్షలో ఒక పెద్ద చిల్లు ఉంది. అది మన పెద్దలకే కాదు, లోకంలో అందరి పెద్దలకూ ఉన్నదే. చిన్న కోత దానంతటదే మానుతుంది. ఒంట్లో బలం ఉండి, మట్టి చేరకుండా ఉంటే వారం పది రోజుల్లో మూసుకుపోతుంది. పదిమందికి గాయపాకు కట్టాం, పదిమందికీ మానింది అంటే ఆకు గొప్పతనం ఎంత, ఒంటి గొప్పతనం ఎంత? ఏమీ కట్టని పదిమందిని పక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది. అలా ఎవరు చూస్తారు? కోత పడ్డవాడికి మందు పెట్టకుండా కూర్చోమని ఏ అమ్మ చెబుతుంది? ప్రేమ ఉన్నచోట పోలిక చూడటం కష్టం. అందుకే ఈ చిల్లు ఇన్నాళ్లు పూడలేదు.

ట్యూబులో క్రీముకూ ఇదే తిప్పలు, ఇంకొంచెం ఎక్కువగా. క్రీము అంటే మూలిక ఒక్కటే కాదు. నూనె, మైనం, నీరు కలిపిన ఒక అడుగు సరుకు ఉంటుంది, దానిలో మూలిక సారం కలుపుతారు. ఆ అడుగు సరుకే చర్మానికి మేలు చేస్తుంది. 1962లో జార్జ్ వింటర్ అనే ఆయన పందుల చర్మం మీద గాయాలు చేసి చూశాడు. గాలికి ఎండి పొక్కు కట్టిన గాయం కంటే, తడి ఆరకుండా కప్పి ఉంచిన గాయం మీద కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంగా వచ్చింది. అక్కడ మూలిక లేదు, మందు లేదు. కప్పు ఒక్కటే ఉంది. కాబట్టి ఒక క్రీము పూసి మానింది గనుక అందులో ఉన్న వేప గొప్పది, పసుపు గొప్పది అనేస్తే లెక్క తప్పుతుంది. వేప ఉన్న క్రీమునూ, వేప లేని అదే క్రీమునూ పక్కపక్కన పెట్టాలి. ఏది ఎవరికి అన్నది చీట్లు తీసి నిర్ణయించాలి. పూసేవాడికీ పూయించుకునేవాడికీ ఏది ఏదో తెలియకూడదు. గాయాన్ని కొలిచేవాడికి అసలే తెలియకూడదు.

కొలవడం అంత కష్టమేమీ కాదు. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కాగితం గాయానికి కొంచెం ఎడంగా పట్టి అంచు గీసుకుని, ఆ కాగితాన్ని గ్రాఫు పేపరు మీద పెట్టి గళ్లు లెక్కపెడితే వైశాల్యం వస్తుంది. ఆరో తరగతి లెక్కే ఇది. చర్మం ఎర్రబడి దురద పెట్టే జబ్బుల్లో ఇంకో సుళువుంది. ఒకే మనిషికి ఎడమ చేతికి ఒకటి, కుడి చేతికి ఒకటి పూయవచ్చు. అప్పుడు వయసు తేడా, తిండి తేడా అన్న అనుమానాలు ఉండవు, ఇద్దరూ ఒకే మనిషి కనుక.

మన కాలేజీల్లో ఈ రకం పరిశోధనలు చాలా జరుగుతాయి. ఎక్కువ భాగం ఎలుకల మీద జరుగుతాయి. ఎలుక వీపు మీద చర్మం కోసి, ఆకు సారం పూసి, ఎన్ని రోజులకు మూసుకుంది అని రాస్తారు. అది పనికిరాని పని కాదు. కానీ ఎలుక చర్మం కింద మనకు లేని ఒక పల్చటి కండ పొర ఉంటుంది. దానివల్ల దాని గాయం చాలా వరకు అంచులు దగ్గరికి లాక్కుని మూసుకుంటుంది. మన గాయం ఎక్కువగా కొత్త చర్మం పుట్టి పూడుతుంది. గాజు పళ్లెంలో సూక్ష్మజీవుల్ని చంపిన సారం ఒంటి మీద అదే పని చేస్తుందన్న హామీ కూడా లేదు. ‘శాస్త్రీయంగా నిరూపించబడినది’ అని ట్యూబు మీద రాసి ఉంటే, ఎవరి మీద నిరూపించారు అని అడగండి. చాలాసార్లు జవాబు ఎలుక దగ్గరే ఆగిపోతుంది.

పరీక్ష లేకపోతే ఏమవుతుంది, మన ఆకు మనం వాడుకుంటాం కదా అని అడిగేవాళ్లకు రెండు సంగతులు చెప్పాలి.

మొదటిది నల్లజీడి. మనవాళ్లు అడవిలో ఏరి అమ్మే గింజే. పూర్వం చాకలివాళ్లు బట్టల మీద గుర్తులు పెట్టేది దీని రసంతోనే. ఒంటికి తగిలితే బొబ్బలెక్కి, పుండై, మచ్చ మిగులుతుంది. గాడిదగడప ఆకు ఇంకోటి. గజ్జికీ తామరకూ పల్లెల్లో వాడతారు. దాని జాతి మొక్కల్లో అరిస్టొలోకిక్ ఆమ్లం అనేది ఉంటుంది. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి ఆ జాతి మూలిక కలిసిన మాత్రలు మింగినవాళ్లు ఎందరో మూత్రపిండాలు పోగొట్టుకున్నారు. పైన పూయడమూ లోపలికి మింగడమూ ఒకటి కాదు, నిజమే. కానీ చెట్టు నుంచి వచ్చింది గనుక హాని ఉండదన్న మాట అడవిలో బతికినవాడు అనడు. అది అడవి చూడనివాళ్ల మాట. అడవిలో ఏది ముట్టుకోకూడదో నడక రాగానే నేర్పుతారు మనకు.

రెండోది ఇంకా చేదు నిజం. 1999లో లండన్‌లో చర్మవైద్యులు చైనా మూలికల క్రీములు 11 తీసుకుని ల్యాబులో చూస్తే, 8 క్రీముల్లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ బయటపడింది. వాటిని వాడినవాళ్లలో చిన్నపిల్లలు ఉన్నారు. మొహానికి పూస్తున్నారు. మూలిక పనిచేసింది అనుకున్నారు. పనిచేసింది స్టెరాయిడ్. మన దగ్గరా ఇది కొత్త కాదు. బెటామెథసోన్, క్లోబెటసాల్ లాంటివి కలిసిన ట్యూబులు చీటీ లేకుండానే చేతిలోకి వస్తాయి. తామర మీద పూస్తే రెండు రోజుల్లో దురద ఆగుతుంది, ఎరుపు తగ్గుతుంది. లోపల ఫంగస్ మాత్రం హాయిగా పెరుగుతుంది. నెల తిరిగేసరికి అరచేయంత ఉన్నది నడుమంతా పాకుతుంది. పూసిన చోట చర్మం పల్చబడుతుంది. ఆ ట్యూబు మీద ఆకు బొమ్మ ఉంటే, చెడ్డపేరు ఆకుకు వస్తుంది. దాని పక్కన ఈక పెట్టుకున్న బొమ్మ ఉంటే, మనకు వస్తుంది.

ఆకు నుంచి వచ్చిన మందు నిజాయితీగా పరీక్షకు నిలబడిన సందర్భాలూ ఉన్నాయి. భూర్జ చెట్టు బెరడు చలిదేశాల పాత వైద్యంలో ఉన్నదే. దాని సారంతో చేసిన ఒక జెల్‌ను, ముట్టుకుంటే చర్మం ఊడిపోయే పుట్టుకజబ్బు ఉన్నవాళ్ల మీద పరీక్షించారు. 223 మంది పాల్గొన్నారు. సగం మందికి బెరడు సారం ఉన్న జెల్, సగం మందికి సారం లేని జెల్. 45 రోజుల్లో ఎంచుకున్న గాయం పూర్తిగా మూసుకున్నది సారం వాడినవాళ్లలో 41.3 శాతం మందికి, సారం లేనిది వాడినవాళ్లలో 28.9 శాతం మందికి. యూరప్‌లో 2022లో, అమెరికాలో 2023 డిసెంబరులో అనుమతి వచ్చింది. ఆ అంకెల్ని ఇంకోసారి చూడండి. ఉత్త జెల్ పూసినా వందలో దాదాపు 29 మందికి మానింది. బెరడు చేసిన మేలు ఆ పైన పన్నెండు మందికి. ‘దివ్యౌషధం’ అని డప్పు కొట్టే అంకె కాదది. కానీ అది నిజమైన పన్నెండు. మన గాయపాకు గురించి మనకు అలాంటి నిజమైన అంకె ఒక్కటి తెలిసినా నాకు చాలు.

ఇంతవరకు చెప్పినది పరీక్ష ఎందుకు కావాలో. ఇక రెండో ప్రశ్న ఎవరి ఒంటి మీద అన్నది. ఇది టీచర్లకు మరీ ముఖ్యం.

2009 జులైలో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా వేశారు. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని. పిల్లల్లో చాలామంది గిరిజన ఆశ్రమ హాస్టళ్లలో ఉండేవాళ్లు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తల తరువాత 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ తేల్చింది. టీకా కూడా మంచిదే, చాలా దేశాల్లో వేస్తున్నారు, మన ఆడపిల్లలకు అందాలనే నేనూ కోరుకుంటాను. నా గొడవ అది కాదు. ఆ విచారణలో 9,543 అనుమతి పత్రాలు చూస్తే, 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు ఉన్నాయి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని గట్టిగా తప్పుపట్టింది.

2,763 సంతకాలు. పెట్టినవాళ్లు రాక్షసులు కాదు. నాలాంటి, మీలాంటి ఉద్యోగులు. పై నుంచి కాగితం వచ్చింది, పిల్లల మేలుకే అన్నారు, తల్లిదండ్రులు కొండ మీద ఉన్నారు, పోడు పనుల్లో ఉన్నారు, కబురు పంపి పిలిపించాలంటే రెండు రోజులు పడుతుంది. అడ్మిషన్ కాగితాల మీద, స్కాలర్‌షిప్ కాగితాల మీద ఎలాగూ మనమే పెడుతున్నాం కదా అనుకున్నారు. మన వృత్తిలో ఉన్న ప్రమాదం ఇదే. పిల్లవాణ్ణి మన దగ్గర వదిలిన తండ్రి చదువు చెప్పమని వదిలాడు. వాడి చర్మాన్ని మనకు రాసి ఇవ్వలేదు.

క్రీము టీకా కాదు కదా, పైన పూసేదే కదా అనవచ్చు. ఒకసారి నేను పనిచేసిన చోటికి ఒక మనిషి మూలికల క్రీము డబ్బాలు పెట్టెలో తెచ్చాడు. పిల్లలకు గజ్జి ఉందని విన్నాం, ఉచితంగా ఇస్తాం, పూసే ముందు ఒక ఫొటో, పదిహేను రోజులకు ఒక ఫొటో తీసుకుంటాం, మీరు సంతకం పెడితే చాలు అన్నాడు. మర్యాదగానే మాట్లాడాడు. డబ్బా మీద ఏమేమి కలిపారో పూర్తిగా రాసి లేదు. నేను పెట్టలేదు, అతను వెళ్లిపోయాడు. అతను చెడ్డవాడని నేను అనడం లేదు. ఆ క్రీము మంచిదే అయి ఉండవచ్చు కూడా. కానీ గజ్జికి పనిచేసే మందు ఇప్పటికే ఉంది. పెర్మెత్రిన్ క్రీము మెడ నుంచి కాలి వేళ్ల దాకా రాత్రి పూసి, గదిలో పడుకునే అందరికీ ఒకే రోజు పూసి, బట్టలూ దుప్పట్లూ వేడినీళ్లలో ఉతికి, వారం తరువాత ఇంకోసారి పూస్తే పోతుంది. పనిచేసే మందును ఆపి, తెలియని మందును ఉచితంగా పూయడం ఎవరికి మేలు? కొత్త మందును ఉన్నవాటిలో మేలైన మందుతో పోల్చి చూడాలని 1964 నాటి హెల్సింకి ప్రకటన దారిలో నడిచే వైద్యులంతా ఒప్పుకున్న సూత్రం. మన హాస్టలు పిల్లలు దానికి మినహాయింపు కాదు.

మన దేశంలో నియమాలు లేక కాదు. మనుషుల మీద చేసే మందు ప్రయోగాన్ని ముందే జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయాలి, 2009 నుంచి అది తప్పనిసరి. నైతిక సంఘం అనుమతి ఉండాలి. పిల్లలైతే తల్లి లేదా తండ్రి అనుమతితోపాటు, ఏడేళ్లు నిండిన పిల్లవాడి ఒప్పుకోలు కూడా ఉండాలని వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. పన్నెండేళ్ల లోపు నోటిమాటగా, ఆ పైన రాతపూర్వకంగా. ఏడేళ్ల పిల్లవాడు వద్దు అంటే వద్దే. తరగతి గదిలో వాడి ‘వద్దు’ను మనం ఎన్నిసార్లు లెక్కలోకి తీసుకుంటామో మనకే తెలుసు. ఆ అడగడం కూడా వాడి భాషలో జరగాలి. కోయలోనో, కువిలోనో, కొండ యాసలోనో. పత్రం తెలుగులో ఉంది, చదివి వినిపించాం అంటే సరిపోదు. ‘పరీక్ష’ అన్న మాటకే చాలామంది తల్లులకు రక్తపరీక్ష అన్న అర్థం తప్ప ఇంకొకటి తోచదు. ‘ఇది పనిచేస్తుందో లేదో మాకూ తెలియదు, తెలుసుకోవడానికే పూస్తున్నాం’ అన్న వాక్యం వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలి. ఆ వాక్యం చెప్పడానికి చాలామంది పరిశోధకులకు నోరు రాదు. చెబితే ఎవరూ ఒప్పుకోరని భయం.

ఇక లాభం సంగతి. 1995 మార్చిలో అమెరికాలో మిసిసిపి యూనివర్సిటీ వైద్యకేంద్రానికి గాయాలు మాన్పడానికి పసుపు వాడకం మీద పేటెంటు ఇచ్చారు. గాయానికి పసుపు! మన దేశంలో సీఎస్ఐఆర్ దాని మీద పోరాడింది, 1997లో పేటెంటు రద్దయింది. ఈ కథ మన పాఠాల్లో గర్వంగా చెబుతాం. కానీ ఎలా గెలిచామో చెప్పం. పాత సంస్కృత గ్రంథాలు, 1953లో వైద్య పత్రికలో అచ్చయిన వ్యాసం, అలా 32 రాతలు చూపి గెలిచారు. అప్పటి అమెరికా చట్టంలో, వేరే దేశంలో జనం నోటిమాటగా వాడుతున్నారంటే లెక్కలోకి రాదు, అచ్చు కాగితం ఉండాలి. అంటే పసుపు బదులు మన కొండ మీద ఒక్క తెగకే తెలిసిన ఆకు అయి ఉంటే, మనం ఓడిపోయేవాళ్లం. మన దేశంలో తయారుచేసిన సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం కూడా ప్రధానంగా రాసి ఉన్న గ్రంథాల నుంచి తీసిందే. ఆయుర్వేద మందుల లైసెన్సు నియమాల్లోనూ, ప్రామాణిక గ్రంథంలో ఉన్న యోగాన్ని గ్రంథంలో చెప్పిన ఉపయోగానికే తయారుచేస్తే కొత్త ప్రయోగం చూపనక్కర్లేదు. గ్రంథం లేనివాడి ఆకుకు ఆ గౌరవం లేదు.

అయితే అన్నీ రాసేద్దాం అని టీచరుగా నాకు వెంటనే అనిపిస్తుంది. రాస్తే ఇంకో చిక్కు. రాసి అచ్చువేసింది అందరిదీ అవుతుంది. కంపెనీ చదివి చేసుకుంటుంది. 2002 జీవవైవిధ్య చట్టం లాభంలో వాటా ఇవ్వాలంది. 2018లో దివ్య ఫార్మసీ కేసులో ఉత్తరాఖండ్ హైకోర్టు మన దేశపు కంపెనీలు కూడా వాటా ఇవ్వాల్సిందేనని తీర్పు చెప్పింది. 2023లో చట్టాన్ని సవరించి, గ్రంథస్థమైన సంప్రదాయ జ్ఞానం వాడుకునేవాళ్లకు ఆ బాధ్యత తీసేశారు. రాయకపోతే రక్షణ లేదు, గ్రంథంలోకి ఎక్కితే వాటా లేదు. మధ్యలో నిలబడింది మనం.

కేరళలో కాణి తెగ కథ కూడా చదవండి. 1987లో అగస్త్య కొండల్లో దారి చూపిస్తున్న కాణి యువకులు ఏవో చిన్న కాయలు తింటూ అలుపు లేకుండా నడవడం పరిశోధకులు గమనించారు. అడిగితే మొదట చెప్పలేదు. తరువాత చెప్పారు. ఆరోగ్యపచ్చ అది. దానితో జీవని అనే మందు తయారైంది. 1995లో కోయంబత్తూరు కంపెనీకి పది లక్షల రుసుముతో, రెండు శాతం రాయల్టీతో లైసెన్సు ఇచ్చి, అందులో సగం కాణివాళ్ల ట్రస్టుకు ఇచ్చారు. ప్రపంచమంతా మెచ్చుకుంది. కానీ కాణిలలోనే ‘ప్లాతి’లనే వైద్యులు కొందరు ఒప్పుకోలేదు. ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్లు చెప్పింది తెగంతా చెప్పినట్టు ఎలా అవుతుంది అన్నారు. ఈ మాట నాకు సగం డబ్బు ఇచ్చారన్న మాట కంటే ముఖ్యంగా కనిపిస్తుంది. జ్ఞానం ఎవరిది? కనిపెట్టిన ఆ మొదటి ముత్తవ్వదా, మంత్రంలా దాచుకున్న వైద్యుడిదా, దారి చూపడానికి వెళ్లిన కుర్రవాడిదా?

మన వైద్యులూ చెప్పరు. చెబితే మందు పారదు అంటారు. చదువుకున్నవాళ్లు దీన్ని ఎగతాళి చేస్తారు. నేను చేయను. పేటెంటు ఆఫీసు లేనివాడికి ఆ మాటే పేటెంటు ఆఫీసు. కానీ ఆ దాపరికానికీ ఒక ధర ఉంది. ఆయన పోతే మందు పోతుంది. ఆయన తప్పుచేస్తే ఎవరికీ తెలియదు. స్పర్శ లేని తెల్లమచ్చ మీద ఆయన ఏళ్ల తరబడి లేపనం పూస్తూ ఉంటే, లోపల కుష్టు నరాలను తినేస్తుంది. దానికి ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా మందుంది. షుగరు ఉన్నవాడి కాలి పుండు పసరు కింద కుళ్లిపోతుంది. మట్టి అంటిన లోతు కోతకు ధనుర్వాతం సూది కావాలి, ఏ ఆకూ ఆ పని చేయదు.

నాకు ఎటు చూసినా ఇక్కడికే వచ్చి ఆగుతుంది. ఆసుపత్రి దగ్గర ఉన్నవాడికి గాయపాకు పనిచేసిందా లేదా అన్నది కాలక్షేపం. పనిచేయకపోతే ఆటో ఎక్కుతాడు. జొన్నాడలో హైవే పక్కనే ఉంది, పావుగంటలో డాక్టరు దొరుకుతాడు. మారేడుమిల్లి పైన, డోలీ కట్టి దింపుకునే ఊళ్లో ఉన్నవాడికి అదే మొదటి మందు, కొన్నిసార్లు చివరి మందు. పసరు మీద ఎక్కువగా ఆధారపడేది మనం. కాబట్టి పసరు గురించిన నిజం కంపెనీకి కంటే మనకే ఎక్కువ అవసరం. దోచుకుంటారన్న భయంతో నిజం తెలుసుకోవడం మానేస్తే, దోచుకునేవాడికి పోయేదేమీ లేదు.

అలాగని ఎవరు పెట్టె తెచ్చినా తలుపు తీయమని కాదు. మనకు చేతిలో పనిముట్లున్నాయి, వాడటం లేదు. 2006 అటవీ హక్కుల చట్టంలో మూడో సెక్షన్ పోడు పట్టా ఒక్కటే ఇవ్వలేదు. జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సమాజానికి మేధోహక్కు ఉందని కూడా అందులోనే రాసి ఉంది. పట్టా కోసం మనం తిరిగిన తిరుగుడులో నూరోవంతు కూడా దాని కోసం తిరగలేదు. 1996 పీసా చట్టం గ్రామసభకు బలమిచ్చింది. ఆకు అడగడానికి వచ్చినవాణ్ణి గ్రామసభ ముందు నిలబెట్టి అడిగించవచ్చు. ఏ ఆకు, ఏ జబ్బుకు, ఎవరి మీద, దేనితో పోల్చి, చెడితే వైద్యం ఖర్చు ఎవరిది, లాభంలో మా వాటా ఎంత, ఫలితం ఎప్పుడు తెచ్చి చెబుతావు అని. ఈ ప్రశ్నలు అడగగల కుర్రవాళ్లు ఇప్పుడు ప్రతి ఊళ్లో ఉన్నారు. బీఎస్సీ చదివి ఇంట్లో ఉన్నవాళ్లు, నర్సింగు చేసినవాళ్లు, ఫార్మసీ చదివినవాళ్లు ఉన్నారు. పరీక్ష మన మీద జరగడం వేరు, మనం చేయడం వేరు. మన ఆకును పరీక్షించే బృందంలో మన పిల్ల ఒకతి తెల్లకోటు వేసుకుని గ్రాఫు పేపరు మీద గళ్లు లెక్కపెడుతూ ఉంటే, పసరు పిండిన అవ్వ ఆమెను నిలదీసి అడగగలదు. లండన్ డాక్టరును అడగలేదు.

ఒక్క షరతు మాత్రం అవ్వల వైపు నుంచి కాదు, మన వైపు నుంచి పెట్టుకోవాలి. ఆకు ఓడిపోతే ఓడిందని చెప్పగలగాలి. గెలిచిన ఫలితాలు పత్రికల్లో వస్తాయి, ఓడినవి బీరువాల్లో ఉండిపోతాయి. మందుల కంపెనీలకు ఉన్న ఈ రోగం మనకూ ఉంది. మన సభల్లో మన వైద్యం గొప్పదని చెప్పే వక్తకు చప్పట్లు వస్తాయి. ఫలానా ఆకు కంటే సబ్బునీళ్లతో కడగడమే మేలని తేలింది అని చెప్పేవాడికి ఎవరు కొడతారు?

నా తరగతి పిల్లలతో నేను ఒక పుస్తకం రాయిస్తున్నాను. ఎవరికీ ఏమీ పూయించను, ఏదీ మాన్పించను. ఇంట్లో ఎవరికి దెబ్బ తగిలినా తేదీ, ఎక్కడ తగిలింది, కడిగారా లేదా, ఏమి పెట్టారు, ఎన్ని రోజులకు పొక్కు ఊడింది అని నాలుగైదు గడులు. పేర్లు రాయొద్దని చెప్పాను. ఇది పరీక్ష కాదని, గమనిక మాత్రమేనని, దీన్నిబట్టి ఏ ఆకు గొప్పదో చెప్పలేమని కూడా చెప్పాను. తొమ్మిదో తరగతి పిల్లలకు ఆ తేడా అర్థమైంది, కొందరు పెద్దలకంటే బాగా. ‘ఏమీ పెట్టలేదు, మానింది’ అని రాయడానికి మొదట్లో వెనకాడారు, అది రాయదగ్గ సంగతి కాదనుకున్నారు. ఇప్పుడు రాస్తున్నారు. ‘పసరు పెట్టాం, చీము పట్టింది’ అన్నది మాత్రం ఇంకా ఒక్కరే రాశారు.